తోక నిండా నీళ్లు: ఒక పాత కిరణ్ విమానం మరమ్మతు డైరీ

మన రెండు రాష్ట్రాల్లోనూ కాలేజీల ముందు, పార్కుల్లో, కూడళ్లలో వాయుసేన ఇచ్చిన పాత విమానాలు నిలబడి ఉన్నాయి. చాలావాటికి పైన రంగు పడుతూనే ఉంటుంది, లోపల మాత్రం పుచ్చిపోతుంటాయి. మా ఊరి కాలేజీ ఆవరణలో ఉన్నదాన్ని బాగుచేయడానికి మాకు 29 వారాలు పట్టింది. అందులో కనీసం ఎనిమిది వారాలు మేం చేసిన తప్పులు దిద్దుకోవడానికే పోయాయి. మీరు ఇలాంటి పని పెట్టుకుంటే ఆ ఎనిమిది వారాలు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

విమానం: హెచ్‌జేటీ-16 కిరణ్, మార్క్-1. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) డాక్టర్ వి.ఎం. ఘాటగే బృందం డిజైన్ చేసిన జెట్ ట్రైనర్. మొదటిసారి ఎగిరింది 1964 సెప్టెంబరు 4న. రెక్కల చివర నుంచి చివరకు 10.7 మీటర్లు, రెక్క వైశాల్యం 19 చదరపు మీటర్లు. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. హైదరాబాద్ దగ్గరి హకీంపేట వాయుసేన స్థావరం చుట్టుపక్కల పెరిగినవాళ్లకి దీని మోత బాగా తెలుసు. నేను అక్కడే ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా ఆరేళ్లు వీటి మీద పని చేశాను. మన దేశంలో మనమే గీసి, మనమే కట్టి, తరాల తరబడి పైలట్లకు ఎగరడం నేర్పిన విమానం ఇది. దాని రెక్క కింద ఎవరో సైకిళ్లు పెట్టుకుంటుంటే చూడలేకపోయాను.

మనుషులు: నేను, ఇద్దరు ఐటీఐ కుర్రాళ్లు, ఒక పెయింటరు, హైస్కూలు సైన్సు మాస్టారు. ఊరికి సముద్రం పది కిలోమీటర్లు. అంటే గాలిలో ఉప్పు ఎప్పుడూ ఉంటుంది.

పని మొదలుకాక ముందే చూడాల్సినవి

1. సీట్లు ఎజెక్షన్ సీట్లు, అంటే ప్రమాదంలో పైలట్‌ను పేలుడుతో బయటికి విసిరేసేవి. వాటిలో పేలుడు కార్ట్‌రిడ్జ్‌లు తీసేశారని కాగితం ఉందా? కాగితం చేతికి వచ్చేదాకా కాక్‌పిట్‌లోకి ఎవర్నీ దిగనివ్వకండి. మాకు ఆ కాగితం కోసం పన్నెండు రోజులు పట్టింది, ఆ పన్నెండు రోజులూ కానొపీకి (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) తాళం వేసే ఉంచాం.
2. పాత మీటర్లు విప్పొద్దు. చీకట్లో మెరవడానికి ముళ్లకు పూసే రంగులో పాతకాలంలో రేడియం వాడేవారు. అద్దం పగలకుండా ఉంటే చాలు, జోలికి పోకండి.
3. పాత పసుపుపచ్చ ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటుంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది క్యాన్సర్ కారకం. తడి వాటర్ పేపర్, మంచి మాస్కు, కింద పట్టా. ఆ పట్టా మీద పడినదాన్ని కాలువలో కలపకూడదు.

దశ 1: నీళ్లు (1–3 వారాలు)

మొదటి రోజు కుర్రాడు తోక పట్టుకుని ఊపి, "మాస్టారూ, లోపల ఏదో గలగలమంటోందండీ" అన్నాడు. రివెట్లు ఊడాయేమో అనుకున్నాను. తోక కింది ప్యానెల్ స్క్రూ నాలుగు చుట్లు వదులు చేయగానే నల్లటి నీళ్లు చేతి మీదుగా మోచేతి దాకా కారాయి. ఆకులు కుళ్లిన వాసన. బకెట్లు పెట్టి పట్టి కొలిస్తే 42 లీటర్లు.

కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. విమానానికి కింద సన్నటి నీటి కన్నాలు ఉంటాయి, అది నేల మీద మామూలుగా నిలబడినప్పుడు ఎక్కడ పల్లం అవుతుందో అక్కడ. మా విమానం పైకి ఎగురుతున్నట్టు కనిపించాలని పెట్టినవాళ్లు ముందు చక్రం కింద 28 సెంటీమీటర్ల సిమెంటు దిమ్మె కట్టారు. ఫోన్‌లో కోణం చూస్తే 4.5 డిగ్రీలు. దాంతో పల్లం వెనక్కి జరిగింది, కన్నాలు మెరక మీద ఉండిపోయాయి. పైగా ఉన్న కన్నాల్లో ఎక్కువ భాగం రంగుతో మూసుకుపోయాయి.

కుర్రాళ్లు కొత్త కన్నం వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. అసలు రేకుకు కన్నం వేస్తే మళ్లీ పూడ్చలేం, దిమ్మెను మాత్రం పగలగొట్టొచ్చు.

1. జాకీ, చెక్క దిమ్మెలతో ముందు భాగం ఎత్తి పట్టుకున్నాం. జాకింగ్ పాయింట్లు కాకుండా ఇంకెక్కడా జాకీ ఆనించొద్దు, రేకు సొట్టబోతుంది.
2. సిమెంటు దిమ్మె పగలగొట్టి చక్రం నేల మీదకు దించాం. కోణం 0.3 డిగ్రీలు.
3. 17 నీటి కన్నాలు దొరికాయి, అందులో 14 మూసుకుపోయినవే. ప్లాస్టిక్ పుల్లతో, తర్వాత నైలాన్ తీగతో తెరిచాం. ఇనుప మేకు వాడొద్దు.
4. ఇంజిన్ గాలి ద్వారాల్లో గోరింకల గూళ్లు రెండు. ఒకదానిలో పిల్లలున్నాయి, అవి ఎగిరిపోయేదాకా ఆ వైపు ముట్టుకోలేదు. తర్వాత సన్నటి స్టెయిన్‌లెస్ వల బిగించాం. గాలి ఆడాలి కాబట్టి రేకుతో మూయలేదు.
5. ఉప్పు కడగడం. ఇక్కడ పనికొచ్చింది మంచినీళ్లు చూసే టీడీఎస్ మీటరు, నీళ్లలో లవణాలు ఎంత కరిగి ఉన్నాయో అంకెలో చెబుతుంది. పోసిన నీళ్లు 180, లోపల తిరిగి కిందికి కారినవి 640. రెండో కడుగులో 330, మూడోదాంట్లో 210. అప్పుడు ఆపాం.

మొత్తం ఇప్పటికి: 64 పని గంటలు (అందరివీ కలిపి), రూ. 4,850.

దశ 2: తెల్ల తుప్పు, ఇనుప స్క్రూలు (4–8 వారాలు)

అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు, తెల్లటి పొడి కక్కుతుంది. బాగా ముదిరితే ఉల్లిపాయ పొరల్లా రేకు విచ్చుకుంటుంది. మా విమానంలో అలా విచ్చుకున్న చోట్లు ఆరు, అన్నీ ఇనుప స్క్రూల చుట్టూనే.

ప్యానెల్ స్క్రూలు 412 లెక్కపెట్టాం. వాటిలో 137 అసలువి కావు, ఎప్పుడో ఊడిపోతే హార్డ్‌వేర్ షాపు ఇనుప స్క్రూలు బిగించారు. ఇనుము, అల్యూమినియం రెండూ ఉప్పు తడిలో ఆనుకుని ఉంటే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో కరిగిపోయేది అల్యూమినియమే.

తప్పు 1: మొండికేసిన స్క్రూలను నేరుగా 4 ఎంఎం బిట్‌తో డ్రిల్ చేశాం. ఇనుము గట్టిది, అల్యూమినియం మెత్తన కదా, బిట్ పక్కకు జారి మెత్తనిదాన్ని తినేసింది. మొదటి పూట తొమ్మిది కన్నాలు కోడిగుడ్డు ఆకారంలోకి మారాయి. తర్వాత పద్ధతి మార్చాం:

1. ముందు రాత్రి స్క్రూ తలమీద తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు.
2. పొద్దున సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్. రెండే దెబ్బలు, అంతకు మించొద్దు.
3. రాకపోతే సెంటర్ పంచ్, 2.5 బిట్, ఆ తర్వాతే 4.
4. కొత్తవి స్టెయిన్‌లెస్. ప్రతి స్క్రూనూ ఎపాక్సీ ప్రైమర్‌లో ముంచి, తడిగా ఉండగానే బిగించాలి. ఆ ప్రైమర్ పొరే రెండు లోహాల మధ్య అడ్డుగోడ.

ఇలా చేశాక మిగిలిన 128లో పాడైనవి మూడే.

తప్పు 2 ఇంకా పెద్దది. ఒక మధ్యాహ్నం నేను బజారుకెళ్లిన సమయంలో రెక్క కింద రెండు చదరపు అడుగులు ఇనుప తీగల బ్రష్‌తో రుద్దేశారు. చూడ్డానికి తళతళలాడింది. వారం తిరిగేసరికి అదంతా గోధుమరంగు చుక్కలు, ఎందుకంటే బ్రష్ నుంచి రాలిన ఇనుప నలుసులు మెత్తని రేకులో దిగబడి అక్కడే తుప్పు పట్టాయి. ఆ చుక్కలు తీయడానికి మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్‌తో పదకొండు గంటలు పట్టింది. అల్యూమినియం మీద నైలాన్ బ్రష్, ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, స్కాచ్‌బ్రైట్ తప్ప వేరేది వద్దు. షెడ్డులో ఉన్న ఇనుప బ్రష్‌లన్నీ ఆ రోజే ఇంటికి తీసుకుపోయాను.

ఎడమ రెక్క మొదట్లో ఒక ప్యానెల్ విప్పితే దాని వెనక వైపు పెన్సిల్‌తో నాలుగు అడ్డగీతలు, పక్కన ఒక టిక్కు ఉన్నాయి. ఫిట్టర్లు స్క్రూలు లెక్కేసుకునే పద్ధతి. నాలాంటివాడే ఎవరో, ఏ ఏడాదో, ఏ హ్యాంగర్‌లోనో వేసుకున్న లెక్క. ఆ ప్యానెల్ లోపలి వైపు కడగలేదు, రంగు వేయలేదు. ఫొటో తీసి, పలచటి వార్నిష్ ఒక పూత వేసి యథాస్థానంలో బిగించాం.

మొత్తం ఇప్పటికి: 212 గంటలు, రూ. 26,150.

దశ 3: కానొపీ (9–11 వారాలు)

ఇది నా తప్పు. ఎప్పుడో రంగు వేసినవాళ్లు కానొపీ అంచుల మీద కూడా తెల్లరంగు చిమ్మారు. చిన్న మూల చూద్దామని గుడ్డకు థిన్నర్ తడిపి తుడిచాను. రంగు వెంటనే వచ్చేసింది, మనసు తేలికపడింది. టీ తాగి వచ్చేసరికి ఆ మూల అరచేయంత మేర ఎండిన చెరువు అడుగులా సన్నగా నెర్రెలిచ్చింది. అది గాజు కాదు, యాక్రిలిక్. థిన్నర్, పెట్రోలు, అమోనియా ఉన్న అద్దాల క్లీనర్, వీటిలో ఏది తగిలినా అప్పటికే బిగువుగా ఉన్న చోట నెర్రెలు వస్తాయి. హకీంపేటలో ఈ మాట కొత్త కుర్రాళ్లకు నేనే చెప్పేవాణ్ని. ఆ అరచేయంత నెర్రె ఇంకా అలాగే ఉంది. అది లోపలిదాకా దిగింది కాబట్టి పాలిష్‌కు పోదు.

మిగతా భాగానికి చేసింది:

1. నీళ్లు, రెండు చుక్కల షాంపూ, ఒట్టి చెయ్యి. గుడ్డతో మొదలుపెడితే ఇసుక గీతలు పడతాయి, చేతికైతే రేణువు తగిలితే తెలుస్తుంది.
2. రంగు మరకలు ప్లాస్టిక్ కార్డు అంచుతో, తడి మీదే గీకడం. ఒక్క అంచుకే ఆరు గంటలు పట్టింది.
3. వాటర్ పేపర్ 1500, 2000, 3000. ప్రతిసారీ దిక్కు మార్చాలి, ముందు గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి నంబరుకు వెళ్లొద్దు.
4. ప్లాస్టిక్ పాలిష్, మెత్తని నూలు గుడ్డ.

కొలత ఎలాగంటే, కళ్ల డాక్టరు దగ్గరుండే అక్షరాల పటం ఒకటి కాక్‌పిట్‌లో పెట్టి బయట ఒక మీటరు దూరం నుంచి చదివాం. పనికి ముందు పై వరుస ఒక్కటే కనిపించింది, తర్వాత ఐదో వరుస దాకా.

కప్పడానికి మొదట ప్లాస్టిక్ పట్టా వేశాం. లోపల చెమ్మ పట్టి, గాలికి కొట్టుకుని మళ్లీ గీతలు పడ్డాయి. ఇప్పుడు తెల్ల కాటన్ గుడ్డతో కుట్టించిన తొడుగు, ఎండ తగ్గాక తీసేస్తాం.

మొత్తం ఇప్పటికి: 282 గంటలు, రూ. 32,550.

దశ 4: రంగు (12–16 వారాలు)

ముందు అక్షరాలు, గుర్తులు. పాత రంగు గీకేముందే ప్రతి స్టెన్సిల్‌నూ ట్రేసింగ్ పేపర్ మీద ఎత్తి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. ఒకసారి పోతే అంతే. మా దానిమీద పోయినవాటి కోసం బెంగళూరు హెచ్‌ఏఎల్ హెరిటేజ్ సెంటర్‌లో ఉన్న కిరణ్ దగ్గర అరపూట నిలబడి రాసుకొచ్చాను.

కుడివైపు ముక్కు దగ్గర పది సెంటీమీటర్ల చదరం మాత్రం వేరేగా చేశాం. తడి వాటర్ పేపర్‌తో ఒక్కో పొరా మెట్లలా తీసుకుంటూ వెళ్తే పైన రోడ్డు మీద గీతలకు వేసే రంగులాంటి తెలుపు, దాని కింద లప్పం, దాని కింద నారింజ, దాని కింద పసుపుపచ్చ ప్రైమర్, అడుగున రేకు. ఆ చదరాన్ని అలాగే వదిలి పైన పారదర్శక పూత వేశాం. ఈ మధ్య వచ్చేవాళ్లు ముందు అక్కడే ఆగుతున్నారు.

రంగు రెండుసార్లు వేయాల్సి వచ్చింది. మొదటిసారి ఎచ్ ప్రైమర్ (రేకును కొంచెం కొరికి పట్టుకునే అడుగు పూత) సాయంత్రం కొట్టాం, రాత్రి గాలిలో తేమ 88 శాతం. మూడో రోజు పరీక్ష చేశాం: బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గీసి 25 చిన్న గళ్లు, దాని మీద టేపు అంటించి ఒక్కసారిగా లాగడం. 25లో 9 గళ్లు టేపుతో వచ్చేశాయి. మా పెయింటరు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు, ఆ టేపు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "గోడకైతే ఇది చాలేదండి, దీనికి చాలదు" అన్నాడు. ఆ రెక్క మొత్తం మళ్లీ గీకింది కూడా ఆయనే.

మార్చినవి:

1. పొద్దున 9 నుంచి 12 లోపే, తేమ 70 శాతం కన్నా తక్కువ ఉంటేనే కొట్టడం.
2. రెండు గుడ్డల పద్ధతి. ఒకదాంతో అసిటోన్ తడిపి తుడవడం, అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తేయడం. ఒక గుడ్డతోనే చేస్తే జిడ్డు అటూ ఇటూ జరుగుతుంది తప్ప పోదు. కానొపీ అంచుకు ఒక అడుగు దూరంలో అసిటోన్ ఆపేయాలి.
3. తుడిచాక ఒట్టి చెయ్యి తగలకూడదు. వేలిముద్ర పడినచోట రంగు లేస్తుంది.
4. ఎచ్ ప్రైమర్ పలచగా, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, మర్నాడు పాలియురెథేన్ రెండు పూతలు.
5. నీటి కన్నాల్లో అగ్గిపుల్లలు గుచ్చి రంగు కొట్టడం, ఆరకముందే తీసేయడం.

రెండోసారి టేపుకు 25లో ఒక్క గడి కూడా రాలేదు. మూడు చోట్ల చూశాం.

మొత్తం ఇప్పటికి: 442 గంటలు, రూ. 1,11,050. ఖర్చులో సగం కన్నా ఎక్కువ రంగుదే, అందులోనూ దాదాపు మూడో వంతు రెండోసారి వేయడం వల్ల.

దశ 5: తుపానుకు కట్టడం (17–18 వారాలు)

గాలి గంటకు 150 కిలోమీటర్లు వీస్తే, 19 చదరపు మీటర్ల రెక్క, లిఫ్ట్ కోఎఫిషియెంట్ (రెక్క ఆకారం, కోణాన్ని బట్టి పైకి లేపే బలం ఎంతో చెప్పే అంకె) 0.5 అనుకుని లెక్కేస్తే పైకి లాగే బలం దాదాపు 1,000 కిలోలు. ఇంజిన్ లేని మా విమానం బరువు జాకీల కింద తూకం పెట్టి చూస్తే 1,980. సగం బరువు గాలే మోసేస్తుందన్నమాట, పైగా పక్కనుంచి తోస్తుంది. ముక్కు 4.5 డిగ్రీలు పైకి ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఎగురుతున్నట్టు నిలబెట్టిన విమానం పెద్దగాలికి నిజంగానే లేవాలని చూస్తుంది.

మూడు కాంక్రీటు లంగర్లు, ఒక్కోటీ టన్నుపైన, గాల్వనైజ్డ్ గొలుసులు, విమానానికి ఆనేచోట రబ్బరు. టైర్ల మీద బరువు పడకుండా ఇనుప స్టాండ్లు. మొత్తం ఇప్పటికి: 488 గంటలు, రూ. 1,42,250.

దశ 6: కర్ర కదిలితే రెక్క కదలాలి (19–22 వారాలు)

విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా, నౌకాదళం వాడిన టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్లు పనిచేసి 2017లో విరమించింది, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. ఈ పని పెట్టుకున్నాక వెళ్లి అక్కడ పిల్లల్నే గమనిస్తూ కూర్చున్నాను. బోర్డు దగ్గర పెద్దగా ఆగరు. లోపలికి వెళ్లే చోట, చెయ్యి తగిలే చోట ఆగుతారు. మా విమానం చిన్నది, లోపల నడిపించలేం. అందుకని కాక్‌పిట్ పక్కన మెట్ల వేదిక కట్టి, ఒక్కొక్కరూ వంగి కర్రను (పైలట్ విమానాన్ని తిప్పే కంట్రోల్ స్టిక్) కదిపితే ఎడమ రెక్క చివరి ఐలెరాన్ (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) లేచేలా చేద్దామనుకున్నాం. రెక్కలు విప్పి తెచ్చినప్పుడు లోపలి కడ్డీలు కోసేశారు, కాబట్టి 3 ఎంఎం స్టీలు కేబుళ్లు రెండు, ఒక్కోటీ 5.2 మీటర్లు.

అసలు కర్రను తీసి, నూనె గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టాం. పిల్లలు పట్టుకునేది పైపుతో చేసిన నకలు. విమానానికి ఒక్క కొత్త కన్నం వేయలేదు, అన్నీ రబ్బరు పెట్టి బిగించే క్లాంపులే. రేపు ఎవరైనా వచ్చి ఇదంతా తీసేస్తే విమానం పాతరూపంలోనే ఉండాలి.

మూడు రోజులు టెన్షన్ పెట్టిన సంగతి ఒకటుంది. మధ్యాహ్నం సరిగ్గా బిగించిన కేబులు పొద్దునకల్లా వదులైపోతోంది. కర్ర చివర ఆట, అంటే వదులు కదలిక, మధ్యాహ్నం 2 ఎంఎం, పొద్దున 9 ఎంఎం. కేబులు జారుతోందని క్లాంపులు రెండుసార్లు మార్చాం. చివరికి సైన్సు మాస్టారు పాఠ్యపుస్తకంలోని లెక్క వేసి చూపించారు. అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పొద్దున రేకు 24 డిగ్రీలు, మధ్యాహ్నం 52. ఆ తేడాకు 5.2 మీటర్ల పొడవులో విమానం కేబులు కన్నా 1.6 ఎంఎం ఎక్కువ సాగుతుంది, మధ్యాహ్నం అందుకే కేబులు బిగుసుకుంటోంది. క్లాంపుల తప్పేం లేదు.

1. ప్రతి కేబులులో టర్న్‌బకిల్ (కేబులును తిప్పి బిగించే మర) పక్కన గట్టి స్ప్రింగ్ ఒకటి.
2. బిగింపు ఉదయం పదింటికి, రేకు 36 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు.
3. ఇప్పుడు ఆట పొద్దున 4, మధ్యాహ్నం 3.

ఇంకో సమస్య, పిల్లలు కర్రను బలంగా విసిరేస్తారు. తలుపులకు బిగించే డోర్ క్లోజర్‌ను వేదిక కింద కర్రకు కలిపాం. ఎంత గట్టిగా తోసినా నిదానంగానే వెళ్తుంది. మొత్తం ఇప్పటికి: 576 గంటలు, రూ. 1,51,950.

దశ 7: గాలి సొరంగం (23–28 వారాలు)

రెక్క ఎందుకు లేస్తుందో పిల్లలకు చూపించాలి, అందుకు గాలి పారే చిన్న సొరంగం కట్టాం. పరీక్షించే గది 20 × 20 సెంటీమీటర్లు, గాలి వచ్చే నోరు 50 × 50, ప్లైవుడ్‌తో. 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్.

మొదట ఫ్యాన్‌ను ముందు పెట్టి ఊదించాం. తొమ్మిది చోట్ల కొలిస్తే గాలి సెకనుకు 3.1 నుంచి 6.4 మీటర్ల దాకా, పైగా సుడి తిరుగుతోంది. ఫ్యాన్‌ను వెనక్కి మార్చి పీల్చేలా చేసి, నోటి దగ్గర లావు స్ట్రాలు 1,900 తేనెపట్టులా పేర్చాం. ఇప్పుడు 7.7 నుంచి 8.2. రెక్క థర్మాకోల్‌ది, వేడి తీగతో కోసి టేపు చుట్టినది, కింది వైపు చదునుగా ఉండే ఆకారం, వెడల్పు 10, పొడవు 19 సెంటీమీటర్లు. దాన్ని నిలువు కడ్డీ మీద వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసుపై నిలబెట్టాం. రెక్క లేస్తే త్రాసు మీద బరువు తగ్గుతుంది.

మొదట్లో అంకె 9 గ్రాములు అటూ ఇటూ ఆడింది. ఫ్యాన్ అదురు కారణం. ఫ్యాన్‌కూ సొరంగానికీ మధ్య సైకిల్ ట్యూబు తొడిగి, ఫ్యాన్‌ను వేరే బల్ల మీద పెట్టాక 2 గ్రాములకు తగ్గింది.

సెకనుకు 8 మీటర్ల గాలిలో, రెక్క ముందు అంచును పైకి వంచిన కోణాన్ని బట్టి త్రాసు మీద తగ్గిన బరువు: 0 డిగ్రీల దగ్గర 16 గ్రాములు, 4 దగ్గర 37, 8 దగ్గర 60, 12 దగ్గర 70, 15 దగ్గర 51. ఆ చివరి పడిపోవడమే స్టాల్. రెక్క పైన అంటించిన ఉన్ని దారపు పోగులు అప్పటిదాకా బుద్ధిగా వెనక్కి పడుకుని ఉండి, 13 దాటగానే ఒక్కసారిగా లేచి ముందుకు తిరుగుతాయి. గాలి సగం చేస్తే, 8 డిగ్రీల దగ్గర 60 కాస్తా 13 అయింది. వేగం సగమైతే లిఫ్ట్ నాలుగో వంతు అంటే 15 రావాలి. ఇంత చిన్న రెక్కకు నిదానపు గాలిలో ఆ కొంచెం తగ్గడం మామూలే. పక్కనే బోర్డు మీద అదే లెక్క 19 చదరపు మీటర్లకు పెట్టాం: గంటకు 216 కిలోమీటర్ల వేగం, కోఎఫిషియెంట్ 1 అయితే 4,180 కిలోలు. కిరణ్ ఎగిరే గరిష్ఠ బరువు ఇంచుమించు అంతే.

పొగ కోసం అగరొత్తులు వాడాం, పొగ చాలలేదు, స్ట్రాలు జిగురుపట్టాయి. పెళ్లిళ్లలో వాడే ఫాగ్ మిషన్ అద్దెకు తెచ్చి, గాలి 2 మీటర్లకు తగ్గించాక గీతలు శుభ్రంగా వచ్చాయి.

ఆ పొగే మా బోర్డును తప్పని తేల్చింది. "రెక్క పైన దారి ఎక్కువ, కాబట్టి కింది గాలిని కలుసుకోవడానికి పై గాలి వేగంగా వెళ్తుంది" అని అచ్చు వేయించి ఉంచాం. రూ. 3,200. చిన్నప్పుడు నేను చదువుకున్నది అదే. పొగను తునకలు తునకలుగా వదిలి ఫోన్‌లో స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములతో తీసి చూస్తే, పై తునక కింది తునక కన్నా ముందే వెనక అంచు దాటి వెళ్లిపోయింది. రెండూ కలుసుకోనే లేదు. కలుసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. రెక్క గాలిని కిందికి వంచుతుంది, పైన పీడనం తగ్గుతుంది, పై గాలి అందుకే పరుగెడుతుంది. ఆ వీడియో మాస్టారికి, నాకు పదిసార్లు చూస్తే గానీ నమ్మకం కుదరలేదు. బోర్డు తీసేశాం. కొత్త బోర్డులో ఆ వీడియో ఫ్రేములే మూడు వరసగా పెట్టాం, కింద రెండు వాక్యాలు.

మొత్తం ఇప్పటికి: 746 గంటలు, రూ. 1,79,850.

దశ 8: పిల్లలు వచ్చాక (29వ వారం)

మొదటి రోజు 58 మంది. వేదిక మీద ఒకరికి పట్టే సమయం 40 సెకన్లు అనుకున్నాం, నిజానికి రెండు నిమిషాలు. కాబట్టి జట్టుకు 15 మందే, మిగతావాళ్లు సొరంగం దగ్గర. క్రమం కూడా మార్చాం. ముందు సొరంగంలో చెయ్యి పెట్టి అరచేతిని కొంచెం వంచి చూడమంటున్నాం. బస్సు కిటికీలోంచి చెయ్యి పెట్టినప్పుడు లేచినట్టే లేస్తుంది, ఆ తర్వాత త్రాసు అంకె చూపిస్తే ఇంకేం చెప్పక్కర్లేదు.

ఏడో తరగతి పాప ఒకతి కర్రను ఎడమకు వంచి, రెక్క చివర ఐలెరాన్ లేవడం చూసింది. మళ్లీ వంచింది. తర్వాత కుడి రెక్క వైపు చూసి, "తాతగారూ, అది కదలట్లేదేంటి? ఒక వైపే కదిలితే విమానం ఒరుగుతుందా?" అని అడిగింది. కుడిది అప్పుడు కిందికి దిగాలని, ఒకటి లేచి ఒకటి దిగితేనే బాగా ఒరుగుతుందని చేతులతో చూపించాను. చూపిస్తుంటే నాకే వెలితిగా అనిపించింది.

మొత్తం: 784 గంటలు, రూ. 1,85,000.

కుడివైపు కేబుళ్లు మొన్ననే తెచ్చాం, 5.2 మీటర్లవి రెండు. స్ప్రింగులు ఈసారి ముందే వేస్తున్నాం, బిగింపు ఉదయం పదింటికి. కుడి రెక్క లోపల నాలుగో ప్యానెల్ దగ్గర పాత కడ్డీ కోసిన మొన ఇంకా అడ్డంగా ఉంది, దాన్ని కోయకుండా పక్కనుంచి కేబులు ఎలా తిప్పాలో రేపు అట్టముక్కతో చూస్తాం.